మెడ మీద ఉన్నది మట్టి కాదు బిడ్డా

పెద్దదానికీ, చిన్నదానికీ,

హన్మకొండ నుంచి మీ అమ్మమ్మ రాసేది. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటరు, ఫోన్ల నేను చెప్పేది సగమే వింటరు, మిగిలిన సగానికి "ఆఁ అమ్మమ్మా, ఆఁ" అనుకుంట ఇంకేదో చూస్తుంటరని నాకు తెల్వదా, అందుకే కూసొని టైపు జేస్తున్న. తప్పులుంటే సర్దుకోండ్రి, నా అద్దాలు పాతయి.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాల సంగతి. పెద్దది బాత్రూంల జొచ్చి అరగంటైనా బయటికి రాలే, ఒకదిక్కు గునుగు పూలు కట్టలు కట్టేటివి ఉన్నయి, తంగేడు వాడిపోతాంది, నేనే పోయి తలుపు కొట్టిన. చూస్తే ఏమున్నది, నేను మడిమెలు రుద్దుకునే గరుకు రాయి పట్టుకొని మెడెనక రుద్దుతున్నవు, రెండు చోట్ల తోలు లేసి నెత్తురు చుక్కలు కనవడుతున్నయి. "ఈ మట్టి పోతలేదు అమ్మమ్మా, జాకిటు ఎనక మెడ పెద్దగ కుట్టించిన, ఫోటోల నల్లగ వస్తది" అన్నవు. నేను స్పిరిటు, దూది తెచ్చి గాయం లేని కాడ గట్టిగ తుడిచిన, యాదికుందా? దూది తెల్లగనే ఉండె. మట్టైతే స్పిరిటుకు ఊడి రావాలె గదా. ఆనాడు పండుగ పనిల చెప్పలేకపోయిన, ఇప్పుడు నిమ్మళంగ చెప్త.

మెడెనక, చంకలల్ల తోలు మందమై, మఖ్మల్ బట్ట తీరు మెత్తగ నల్లగ అయితే అది చాలామట్టుకు లోపలి సంగతి. మనం తిన్నదాంట్లకెల్లి వచ్చే చక్కెరను కండలు, కాలేయం తీసుకోవాల్నంటే ఇన్సులిన్ కావాలె. కొందరి ఒళ్లు ఆ ఇన్సులిన్ మాట సరిగ వినదు, వినకపోతే ఒళ్లు ఇంకింత ఇన్సులిన్ తయారు చేస్తది, ఆ ఎక్కువైన ఇన్సులినే మెడ మడతల కాడ తోలును తొందర తొందరగ పెంచి మందం చేస్తది. ఇగ నువ్వు దాన్ని రాయితోని రుద్దితే ఏమైతది, తోలు ఇంకా మందమైతది, ఇంకా నల్లగైతది. ముప్పై ఏండ్లు సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సుగ చేసిన, ఎంతమంది తల్లులు బిడ్డల్ని పట్టుకొచ్చి "మెడ సక్కగ కడుక్కోదు మేడం, సోమరిది" అని అందరి ముందట తిట్టిండ్రో లెక్కలేదు. ఆ పిల్లలు తల దించుకొని నిలవడుతుండె. వాళ్లు కడుక్కున్నంత మనమెవ్వరం కడుక్కోం.

నీకు డేట్ రెండు రెండు నెల్లకు వస్తున్నదని మీ అమ్మ చెప్పింది. గదవ కింద నాలుగు మందపు ఎంటికెలు వస్తున్నయని నువ్వే చెప్పినవు. మెడ, డేట్లు, గదవ, ఈ మూడింటినీ కలిపి చూడాలె, మూడు వేరువేరు రోగాలనుకొని ఒకదానికి క్రీము, ఒకదానికి త్రెడ్డింగు, ఒకదానికి చాటుమాటు ఏడుపు పెట్టుకోవద్దు. పీసీఓఎస్ అంటరే, హార్మోన్లు గడబిడై డేట్లు తప్పే జబ్బు, అది కావచ్చు, కాకపోవచ్చు, దాన్ని నేను గాదు డాక్టరు చెప్పాలె. పరిగడుపున షుగరు, మూడు నెల్ల షుగరు, థైరాయిడ్, అవసరమైతే స్కానింగు, ఇంతే. బుధవారం నాతోని ఎంజీఎం దవాఖానకు వస్తవా, లేకపోతే మీ అమ్మతోని ఎక్కడికన్న పోతవా నీ ఇష్టం, పోవుడు మాత్రం ఆగొద్దు. బరువు కొద్దిగ తగ్గినా, రోజూ అర్ధగంట నడిచినా మెడ కూడా నెమ్మదిగ తేటవడ్తది, నెలలు పడ్తది, వారంల కాదు.

గదవ ఎంటికెలు తీసుకునుడు తప్పేం కాదు. గీసుకుంటె మందంగ వస్తయని మా అమ్మ కూడా అనేది, అది ఉత్తదే, 1928లనే కొలిచి చూసి మందం కాదని తేల్చిండ్రు. మొన అడ్డంగ తెగుతది గాబట్టి చేతికి గరుకు తగుల్తది, అంతే. పార్లర్ల మాత్రం నోట్ల దారం పట్టుకొని త్రెడ్డింగు చేసే ఆమె ఉంటె, దారాన్ని తన మెడకు కట్టుకొని చెయ్యమని అడుగు, దారం కొత్తది తెంపమను, మొహమాటం వద్దు, పైసలిచ్చేది నువ్వే.

ఇగ చిన్నదానా, నీ సంగతి. హాస్టల్ నుంచి ఫోటో పంపినవు చూడు, మొటిమ మీద టూత్ పేస్ట్ పెట్టుకొని! పేస్టు పండ్లకే. దానికి మొటిమ ఎండిపోతది నిజమే, పక్కనున్న తోలు కూడా కాలి నల్ల మచ్చ మిగుల్తది, మొటిమ పోయినా మచ్చ ఆర్నెల్లుంటది. నిమ్మకాయ రుద్దుకొని ఎండలకు పోవద్దు, నిమ్మరసం అంటిన తోలు ఎండకు బొబ్బలు రావచ్చు, వరంగల్ మే నెల ఎండ సంగతి నీకు నేను చెప్పాల్నా. మొటిమలకు డాక్టరు రాసిన ఏ మందైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టుకుంటె గాని తెల్వది, నాలుగు రోజులకు "పనిచేస్తలేదు" అని ఇంకో ట్యూబు కొనుడే ఈ కాలపు పెద్ద జబ్బు.

ట్యూబు అన్న గాబట్టి, నా తప్పు ఒకటి చెప్పాలె, ఇప్పటిదాంక ఇంట్ల ఎవ్వరం దాని గురించి పెద్దగ మాట్లాడుకోలే.

మీ చిన్నమ్మ పెండ్లి కుదిరింది, పెండ్లిచూపులల్ల అటు దిక్కు పెద్దామె "పిల్ల మంచిగనే ఉన్నది గని కొద్దిగ చాయ తక్కువ" అన్నది. నాకు రాత్రి నిద్ర పట్టలే. ఇది 2018 కన్న ముందటి మాట. మా గల్లీ చివర మందుల దుకాణంల అడిగితే ఒక ట్యూబు ఇచ్చిండు, అందరూ కొంటరు మేడం అన్నడు. నర్సును నేను, పెట్టె మీద పేరు చదవాల్నా వద్దా? చదవలే. పదిహేను రోజులల్ల మీ చిన్నమ్మ మొఖం పాలల్ల ముంచి తీసినట్టు అయ్యింది, చుట్టాలంతా ఏం పెట్టినవని అడిగిండ్రు, నాకు గర్వమైంది కూడా, దాచుడెందుకు. పెండ్లైనంక ట్యూబు అయిపోయింది, ఆపింది. వారం తిరగకముందే మొఖమంతా మంట, ఎర్రగ, చన్నీళ్లు తగిలినా మంటే, బుగ్గల మీద సన్న నూగు, చిన్న చిన్న మొటిమలు. మల్ల రాస్తే తగ్గుతది, ఆపితే లేస్తది. చర్మం డాక్టరు దగ్గరికి పోతే ట్యూబు చూసి ఆమె నా దిక్కు చూసిన చూపు నాకింకా యాదికున్నది. అది స్టెరాయిడు. మొఖం మీద నెలలకొద్ది రాసేది కాదు. మొఖం మామూలు కావటానికి ఏడాది దగ్గర పట్టింది, కొత్త పెండ్లికూతురు ఏడాది మొత్తం చున్నీ చాటున తిరిగింది, ఆ ఫోటోలల్ల చూడుండ్రి, అన్ని పక్కకు తిరిగి దిగినయే.

2018ల సర్కారు ఈ స్టెరాయిడు క్రీములను డాక్టర్ చీటి లేకుంట అమ్మొద్దని చెప్పింది, అయినా అడిగితే ఇచ్చేటోళ్లు ఉన్నరు. పెట్టె ఎనక సన్నక్షరాలల్ల బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉన్నదా చూడండ్రి. ఉంటె, చీటి లేకుంట మొఖానికి పెట్టొద్దు. తామర లేస్తె కూడా ఇదే బెడద, లెగ్గింగు చెమటకు తొడల దగ్గర గుండ్రంగ దురద లేస్తది, సిగ్గుతోని ఎవ్వరికీ చెప్పరు, దోస్తు ఇచ్చిన ట్యూబు రాస్తరు, దాంట్ల స్టెరాయిడు కలిసుంటె దురద ఆగుతది గని తామర లోపల పాకుతనే ఉంటది. ఇప్పటికే మీలో ఎవరన్న అట్లాంటిది చాన్నాళ్లుగ రాస్తున్నా ఒక్కపారే ఆపకండ్రి, డాక్టరుకు చూపెట్టి ఎట్ల తగ్గించాల్నో అడగండ్రి. ఇక చాయ గురించి, ఫెయిర్ అండ్ లవ్లీ 1975ల వచ్చింది, 2020ల పేరుల ఫెయిర్ తీసి గ్లో పెట్టిండ్రు, పెండ్లిచూపులకు వచ్చే పెద్దామెలు మాత్రం ఇంకా పాత పేరు కాడనే ఉన్నరు.

హాస్టల్ అద్దం మీద నువ్వు అంటించిన బొట్టుబిళ్లలు లెక్కబెట్టిన, పదకొండు. ఒకటే బిళ్లను వారం దాంక తీసి పెట్టుకుంటున్నవు. ఆ జిగురుల ఉండే రసాయనం కొందరికి పడదు, నొసటి మీద బిళ్ల అంతే గుండ్రంగ తెల్ల మచ్చ పడ్తది, నా ఓపీల ఎన్ని చూసిన్నో. దురద మొదలైతె బిళ్ల బంజెయ్యి, ఆ మచ్చను బిళ్లతోనే కప్పుకునుడు మాత్రం అస్సలొద్దు. కుంకుమ పెట్టుకో, లేకపోతే ఉత్త నొసలు, ఏం కాదు.

మైదాకు గురించి కూడా. ఆషాఢంల మనం రోట్లె నూరి పెట్టుకునేది రాత్రంతా ఉంచితె ఎర్రగ పండుతది. గంటల నల్లగ పండే కోన్లు మార్కెట్ల అమ్ముతరు, ఆకు ఎప్పుడూ నల్లగ పండదు బిడ్డా, దాంట్ల ఎంటికెల రంగుల వాడే పీపీడీ కలుపుతరు, కొందరికి చేతి మీద డిజైను ఎట్లుంటె అట్ల బొబ్బలొస్తయి. ఒక్కపారి పడకపోయిందంటె ముసలైనంక నెత్తికి రంగు వేసుకునేటప్పుడు కూడా పడదు.

ఎంటికెలు రాలుతున్నయని ఇద్దరూ మొత్తుకుంటున్నరు. రోజుకు యాభై నుంచి వంద రాలుడు మామూలే, జడ విప్పి దువ్వితె కుచ్చు కనవడుతది, భయపడకుండ్రి. చిన్నదానికి డెంగ్యూ వచ్చి మూడు నెలలైతాంది గదా, జరం తగ్గిన రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులు రాలుతయి, అదే ఆగుతది, మల్ల వస్తయి, నెలకు ఒక సెంటీమీటరు పెరుగుడు గాబట్టి ఓపిక కావాలె. ముందు రక్తం చూపెట్టుకో. పుంటికూర, గుడ్డు, శనిగెలు తిను, అన్నం తిన్నెంబడే చాయ్ తాగకు, తిండిల ఉన్న ఇనుము ఒంటికి పట్టదు. చుండ్రు ఉంటె మాత్రం నూనె పెట్టి పెట్టి ముంచకు, ఆ చుండ్రుకు కారణమైన బూజుకు నూనె అంటె ఇష్టం, కీటోకోనజోల్ షాంపూ నెత్తికి పట్టించి అయిదు నిమిషాలు ఉంచి కడుగు, వారానికి రెండు మార్లు. కుంకుడుకాయల పులుసు మంచిదే గని కండ్లల్ల పడ్తె నన్ను తిట్టుకుంటరు, మీ అమ్మ ఇప్పటికీ తిడ్తది. మీ హాస్టల్ బోరు నీళ్లు సబ్బుకు నురుగు కూడా రానియ్యవు, చివరి రెండు చెంబులు నల్లా నీళ్లు దొరికితె అవి పోసుకో.

పెద్దదానా, బుధవారం పొద్దున ఎనిమిదికల్ల తయారుండు, పరిగడుపున రావాలె, చాయ్ కూడా తాగొద్దు, టెస్టు అయినంక చౌరస్తాల ఇడ్లి తిందాం. వచ్చేటప్పుడు ఆ గరుకు రాయి సంచిల ఏసుకొని పట్టుకరా, పండుగ నాడు నువ్వు దాన్ని మీ బ్యాగుల ఏసుకొని పోయినవని నాకు తెలుసు, నా మడిమెలు పగిలి చీరకు తట్టుకుంటున్నయి.

మీ అమ్మమ్మ