విండోలో దాక్కున్న కన్ను

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో "తాతయ్యా, విండో అన్న మాట ఎక్కడిది?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఆటకు పరిగెత్తారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ మాటను కాగితం మీద రాసి మధ్యలో ఓ గీత గీయండి. ముందు ముక్క 'విండ్', గాలి. అది మీకు తెలిసిందే. చివర మిగిలిన ఆ 'ఓ' ఉందే, అది ఒకప్పుడు కన్ను!

8వ శతాబ్దం చివర్లో డెన్మార్క్, నార్వేల నుంచి వైకింగులు ఓడలేసుకుని ఇంగ్లండ్ మీద పడ్డారు. మొదట్లో దోచుకుపోయేవాళ్లు. పోనుపోను అక్కడే పొలాలు దున్నుకుని, పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. ఇరుగుపొరుగయ్యాక పాలూ పెరుగుతో పాటు మాటలూ చేతులు మారతాయి కదా! ఎగ్, నైఫ్, స్కై అలా వచ్చినవే. వాళ్ల నార్స్ భాషలో కిటికీని 'విండౌగ' అనేవాళ్లు. 'ఔగ' అంటే కన్ను. అప్పటి వాళ్ల ఇళ్లకు అద్దాలెక్కడివి? ఇంటి మధ్యన మంట, పొగ పోయేందుకు కప్పులో ఓ కంత. ఆ కంతలోంచే వెలుతురు, గాలి. అదే గాలికన్ను. ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి 'విండోగె' అయింది, ఇంకా అరిగి విండో అయింది. డెన్మార్క్‌లో నేటికీ కిటికీని దాదాపు 'విందు' అన్నట్టే పలుకుతారు. భోజనం పెట్టని విందు!

అంతకుముందు ఇంగ్లీషువాళ్లకు సొంత మాట లేకపోలేదు. దాని అర్థం 'కంటిబెజ్జం'. ఆ మాట పోయింది కానీ, అందులోని బెజ్జం మాత్రం 'నాస్ట్రిల్' చివర ఇంకా బతికే ఉంది. ముక్కుబెజ్జం అన్నమాట.

మన పుస్తకాల్లో కనిపించే గవాక్షాన్నీ విడదీయండి. గో అంటే ఆవు, అక్షి అంటే కన్ను. అక్కడా కన్నే! పైగా ఇంగ్లీషు 'ఐ', నార్స్ 'ఔగ', సంస్కృత 'అక్షి' ఒకే తల్లి బిడ్డలంటారు భాషా పండితులు. ఆ తల్లి భాషలో రాసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. బిడ్డల పోలికలు చూసి తల్లి రూపు ఊహించుకోవడమే.

మన 'కన్ను' ఈ కుటుంబానికి చుట్టం కాదు, అది ద్రావిడ మాట. అయినా కొబ్బరికాయకు పీచు తీస్తే కనబడే మూడు గుంటల్ని మనమేమంటాం? కళ్లనే!

డైసీ పువ్వు పేరులోనూ ఓ కన్నుంది. గూగుల్‌ని అడక్కుండా వెతికి, ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాతయ్య