కూలర్ అడుగున మిగిలే నీళ్ళు

మార్చి దాటిందంటే మా బల్లార్షాలో కిటికీ కిటికీకీ కూలర్ ఎక్కుతుంది. బొగ్గు గనుల పనికి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ మా తెలుగు ఇళ్ళలో దాని సర్వీసింగ్ పిల్లల వంతు. కిందటేడు గడ్డి విప్పి పట్టుకుంటే అప్పడంలా పటపట విరిగింది. పీచు కనబడనంతగా తెల్లటి పెచ్చు కట్టేసింది. "పాత నీళ్ళు పారబోసి కొత్తవి పొయ్యిమంటే ఇనవు, గడ్డి గట్టిపడ్తది" అని అమ్మ సణిగింది.

ఆ పెచ్చే మా పక్కనే బొగ్గుతో కరెంటు తీసే చంద్రపూర్ థర్మల్ స్టేషన్ ఇంజనీర్లకూ టెన్షన్.

కూలర్‌లోంచి ఆవిరై పోయేది ఉత్త నీరు. సున్నం, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి, పోసిన కొద్దీ చిక్కబడతాయి. కరెంటు ప్లాంటులో కూలింగ్ టవరూ ఓ పెద్ద కూలరే. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని మళ్ళీ నీరు చేయాలంటే దాని వేడి ఎక్కడికో పోవాలి. అందుకోసం ఒక్కో యూనిట్ కరెంటుకూ దాదాపు 2 లీటర్ల నీరు గాల్లో కలిసిపోతుంది. ఎంత గొప్ప రీసైక్లింగ్ ప్లాంటు పెట్టినా ఆ 2 లీటర్లు తిరిగి రావు. నీటి పొదుపు గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఈ ముక్క దాటేస్తారు.

మన చేతిలో ఉన్నది పెచ్చు కట్టకుండా పారబోసే ఉప్పు నీరు. దాన్ని బ్లోడౌన్ అంటారు. ఉప్పు 3 రెట్లు చిక్కబడగానే వదిలేస్తే, 2 లీటర్ల ఆవిరికి 1 లీటరు పారబోయాలి. అంటే యూనిట్‌కు మొత్తం 3 లీటర్లు. 5 రెట్ల దాకా ఓపిక పడితే పారబోత అర లీటరుకు దిగుతుంది. 10 రెట్ల దాకా లాగితే ఇంకో పావు లీటరు మిగులుతుంది, అంతే. దానికోసం నీటిని ముందే శుద్ధి చేసే ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది. కూలింగ్ టవర్లున్న పాత ప్లాంట్లకు కేంద్రం 2015లో పెట్టిన హద్దు యూనిట్‌కు 3.5 లీటర్లు.

చంద్రపూర్ స్టేషన్ సామర్థ్యం 2,920 మెగావాట్లు. 3 లీటర్ల లెక్కన, రోజంతా పూర్తిగా నడిస్తే 21 కోట్ల లీటర్లు కావాలి. మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే 15 లక్షల మందికి సరిపడే నీరు. స్టేషన్‌కూ ఊరికీ నీళ్ళిచ్చే ఎరాయి డ్యామ్ ఎండుతుంటే ఊరంతా ఎందుకు కంగారు పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే ఊరి మురుగు మీద కన్ను పడింది. 50 కిలోమీటర్లలోపు మురుగు శుద్ధి కేంద్రం ఉంటే థర్మల్ ప్లాంట్లు ఆ నీరే వాడాలని కేంద్రం 2016 కరెంటు టారిఫ్ పాలసీలో చెప్పింది. నాగపూర్ దగ్గరి కోరాడీ ప్లాంటు కోసం రోజుకు 13 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే ఏర్పాటు ఉంది. పైపు కలిపేస్తే అయిపోయే పని కాదిది. మురుగులోని అమ్మోనియా రాగి కలిసిన గొట్టాలను తినేస్తుంది, ఫాస్ఫేట్లు పెచ్చు కడతాయి. మళ్ళీ మా కూలర్ కథే.

ఇక నీరు, కరెంటు ఆదా చేస్తామని చెప్పుకునే గ్రీన్ బిల్డింగ్. బాత్రూం నీళ్ళు తోటకు మళ్ళించి, గోడకు సర్టిఫికెట్ తగిలించుకునే ఆఫీసులంటే నాకు పెద్దగా గురి లేదు. పై లెక్కల పక్కన ఆ నీళ్ళు ఏ మూలకు? నిజమైన పొదుపు టెర్రస్ మీద తెల్ల పెయింట్‌లో, పడమటి గోడకు కిటికీలు తగ్గించడంలో ఉంది. ఇల్లు వేడెక్కకపోతే ఏసీ తక్కువ నడుస్తుంది. రాత్రంతా ఏసీ నడిస్తే సుమారు 10 యూనిట్లు కాలుతాయి. అంటే మన గదిలో చుక్క ఖర్చు కాకుండానే ప్లాంటు దగ్గర 30 లీటర్లు పోయినట్టు.

ఇప్పుడు మూడు రోజులకోసారి తొట్టి ఖాళీ చేస్తున్నాను. ఆ ఉప్పు నీళ్ళు పోస్తే మల్లెచెట్టు ఆకులు మాడాయి. అందుకని అమ్మ వాటిని వాకిట్లో దుమ్ము మీద చల్లుతోంది. ప్లాంటుల్లో బ్లోడౌన్ నీళ్ళు బొగ్గు కుప్పల మీద చల్లినట్టే.