వీపు మీద తెల్లటి గూళ్లున్న గొంగళిపురుగుని చంపకండి

టమాటా, పొగాకు మొక్కల్ని తినే హార్న్‌వర్మ్ అనే లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు వీపు మీద ఒక్కోసారి బియ్యపు గింజల్లాంటివి నిలబెట్టి అతికించినట్టు కనిపిస్తాయి. అవి గుడ్లనుకుని, ఇంకెన్ని పురుగులు పుడతాయో అన్న టెన్షన్‌తో చాలామంది దాన్ని అక్కడికక్కడే నలిపేస్తారు. గొంగళిపురుగులు అసలు గుడ్లే పెట్టవు. అవి కొటీసియా అనే బుల్లి కందిరీగ పిల్లలు అల్లుకున్న పట్టుగూళ్లు. ఆ పురుగు ఇక ఎలాగూ బతకదు, దాన్ని వదిలేస్తే కొద్ది రోజుల్లో గూళ్లలోంచి కొత్త కందిరీగలు బయటికొచ్చి మిగతా పురుగుల పని పడతాయి.

లోపల జరిగేది తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. మామూలుగా గొంగళిపురుగు ఒంట్లోకి బయటిదేదైనా వస్తే దాని రక్తకణాలు చుట్టుముట్టి ఊపిరాడకుండా చేసేస్తాయి. అందుకే తల్లి కందిరీగ పురుగు ఒంట్లోకి తన గుడ్లతో పాటు ఒక వైరస్‌ని కూడా ఎక్కిస్తుంది. ఆ వైరస్ తయారీకి కావలసిన జన్యువులు కందిరీగ సొంత డీఎన్ఏలోనే తరతరాలుగా ఉంటున్నాయి! అది పురుగు రక్షణ వ్యవస్థని పడగొట్టాక, పిల్లలు దాని రక్తం తాగుతూ, గుండెలాంటి ముఖ్యమైన భాగాల్ని ముట్టకుండా పెరిగి, చివరికి చర్మం చీల్చుకుని బయటికొస్తాయి.

ట్రైకోగ్రామా అనే ఇంకో కందిరీగ దారి వేరు. ఒంటి పొడవు మిల్లీమీటరైనా ఉండని ఈ కందిరీగ రెక్కల పురుగుల గుడ్లలోనే తన గుడ్లు పెట్టేస్తుంది కాబట్టి గొంగళిపురుగు పుట్టనే పుట్టదు.

ఆకుల మధ్య పురుగు జాడ కందిరీగకి ఎలా తెలుస్తుందంటే, సాయం చేసేది మొక్కే. పురుగు కొరికినప్పుడు దాని ఉమ్ము తగిలిన మొక్కజొన్న ఆకు ప్రత్యేకమైన వాసనలు వదులుతుందని, వాటిని పట్టుకుని కందిరీగలు వస్తాయని 1990లో శాస్త్రవేత్తలు చూపించారు. ఆకుని ఊరికే గాయపరిస్తే ఆ స్థాయిలో వాసన రాదు.

అన్ని పురుగుల్నీ చంపే మందు కొడితే ముందు పోయేది ఈ మిత్ర పురుగులే. పోనీ గొంగళిపురుగుల్ని మాత్రమే చంపే బీటీ అనే బ్యాక్టీరియా మందు కొట్టినా, పురుగు చచ్చిపోతే లోపలి పిల్లలూ పోతాయి. నన్నడిగితే, కనబడిన పురుగులు కొన్నే అయితే చేత్తో ఏరేయడమే మేలు, గూళ్లున్నవాటిని మాత్రం వదిలేసి. ఎదిగిన కందిరీగలకి పూలలోని తేనె కావాలి, వాటి నోరు చిన్నది, అందుకని కొత్తిమీర, సోంపులాంటి చిన్న పూల మొక్కల్ని కొన్నింటిని పీకకుండా పూతకి వదిలేయండి. అయితే గుడ్లు పడిన పురుగు వెంటనే తినడం మానదు, ఆకులు ఇంకొన్ని రోజులు పోతూనే ఉంటాయి. తేడా కనిపించేది తర్వాతి తరం పురుగుల్లో.