‘మంచి’కి నిర్వచనం ఎందుకు చిక్కదు?

త్రిభుజం అంటే మూడు భుజాలతో మూసుకున్న ఆకారం. ‘సరే, మూడు భుజాలున్నాయి, కానీ ఇది త్రిభుజమేనా?’ అని ఎవరైనా అడిగితే వారికి నిర్వచనం అర్థం కాలేదనుకుంటాం. ‘మంచి’ విషయంలో ఆ సౌలభ్యం లేదు. మంచి అంటే సుఖాన్నిచ్చేది అనుకుందాం. ‘ఇది సుఖాన్నిస్తుంది, నిజమే. కానీ మంచిదేనా?’ అన్న ప్రశ్నలో తెలివితక్కువతనం ఏమీ కనిపించదు. సుఖాన్ని తీసేసి ‘ఎక్కువమంది కోరుకునేది’ అన్నా, ‘మనుగడకు తోడ్పడేది’ అన్నా ఆ ప్రశ్న మళ్లీ లేచి నిలబడుతుంది.

కేంబ్రిడ్జి తత్వవేత్త జి.ఇ. మూర్ 1903లో ‘ప్రిన్సిపియా ఎథికా’ అనే గ్రంథంలో ఈ వాదన చేశారు. పసుపు రంగు ఎలా ఉంటుందో తెలియనివారికి మాటలతో తెలియజెప్పలేం. మంచి కూడా అలాగే విడదీయడానికి భాగాలు లేని గుణం అన్నారు. పసుపును చూడటానికి కళ్లున్నాయి. మంచిని పట్టుకునేది ఏది? అంతర్బుద్ధి, అంటే వాదనతో పని లేకుండా నేరుగా గ్రహించే శక్తి, అన్నది ఆయన వైపు నుంచి వచ్చే జవాబు. ఇద్దరి అంతర్బుద్ధులు రెండు రకాలుగా చెబితే ఏం చేయాలో మాత్రం తేలదు. నాకు ఆయన ప్రశ్న నచ్చినంతగా జవాబు నచ్చలేదు.

నిజానికి ఆ ప్రశ్నలోనూ ఒక బీట ఉంది. నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయిక అని 1780లలో తేలింది. అంతకుముందు ‘ఇది నీరే, కానీ ఇందులో హైడ్రోజన్ ఉందా?’ అని అడిగితే తప్పేమీ ఉండేది కాదు. రెండు మాటల అర్థాలు వేరైనా, అవి సూచించే వస్తువు ఒకటే కావచ్చు. అయితే నీటిని ప్రయోగశాలలో విడగొట్టి చూశారు. మంచిని పెట్టి చూసే గాజుపాత్ర ఇంకా తయారు కాలేదు.

అసలు ఈ మాట గుణాన్ని చెప్పడమే లేదేమో? 1936లో బ్రిటిష్ తత్వవేత్త ఎ.జె. అయ్యర్ ఆ దారి పట్టారు. ‘దొంగతనం తప్పు’ అన్నప్పుడు మనం వర్ణించేది ఏమీ లేదు, అయిష్టాన్ని వెళ్లగక్కుతున్నామంతే అన్నారు. ఇలా అంటే చిక్కు విడిపోయినట్లే ఉంటుంది. కానీ ‘అబద్ధమాడటం తప్పయితే, పిల్లలచేత ఆడించడమూ తప్పే’ అనే వాక్యం చూడండి. అందులోని ‘అయితే’ దగ్గర ఎవరూ ఏమీ వెళ్లగక్కడం లేదు. అయినా వాక్యం చక్కగా అర్థమవుతోంది. ఈ తరహా అభ్యంతరాన్ని పదునుపెట్టినవారు మరో బ్రిటిష్ తత్వవేత్త పీటర్ గీచ్.

ఆయనే 1956లో మరో సూచన చేశారు. ‘మంచి’ని ఒంటరిగా నిలబెట్టి నిర్వచించబోవడమే పొరపాటట. ఎర్ర కారు ఎర్రగా ఉంటుంది, అది కారు కూడా. రెండూ విడివిడిగా చెప్పవచ్చు. మంచి కత్తిని అలా విడదీయలేం. కత్తిగానే అది మంచిది. తెలుగువారికి ఇది చప్పున తెలుస్తుంది, ఎందుకంటే మన ‘మంచినీళ్లు’ అనే మాటలో కొలబద్ద ముందే ఉంది: తాగడానికి పనికివచ్చేవి. అవే నీళ్లు బ్యాటరీలో పోయడానికి మంచివి కాకపోవచ్చు.

కత్తి కోయడానికి, నీళ్లు తాగడానికి. మరి ‘మంచి మనిషి’ అన్నప్పుడు మనిషి దేనికి? వివేకంతో జీవించడమే మనిషి పని అని అరిస్టాటిల్ ఏనాడో జవాబిచ్చాడు. మూర్ పక్కనే కూర్చుని ఉంటే వెంటనే అందుకునేవారు: ‘వివేకంతోనే జీవిస్తున్నాడు, సరే. కానీ అది మంచిదేనా?’