సిగ్నల్ దగ్గర చేయి చాచేవాళ్లకు డబ్బులు కాకపోతే ఇంకేమిటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఫ్రీవే దిగగానే సిగ్నల్ దగ్గర అట్టముక్క పట్టుకుని నిలబడ్డవాళ్లను మనం తరచూ చూస్తుంటాం. కొన్ని ఊళ్లలో పక్కనే సిటీవాళ్ల బోర్డు ఉంటుంది, ‘వీళ్లకి డబ్బులివ్వకండి, సాయం చేసే సంస్థలకివ్వండి’ అని. నేను ఔట్‌రీచ్ వర్కర్‌ని. రోడ్డు మీద బతికేవాళ్ల దగ్గరికి మేమే వెళ్లి, పనికో, వైద్యానికో, ఇంటికో దారి చూపించడం మా ఉద్యోగం. మనవాళ్లు ఎక్కడ కలిసినా ఈ విషయం మీద అవే మాటలు వినిపిస్తుంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇచ్చిందంతా తాగుడుకీ మత్తుకే పోతుంది.

వాస్తవం: కొంత పోతుంది, అది దాచాల్సిన సంగతి కాదు. కానీ అంతా కాదు. టొరంటోలో ఇలా అడుక్కునే 54 మందితో మాట్లాడి చేసిన అధ్యయనం ఒకటి 2002లో కెనడా వైద్యసంఘం పత్రికలో వచ్చింది. అడుక్కోవడం వల్ల వాళ్లకి నెలకి వచ్చేది సుమారు 300 కెనడా డాలర్లు. వేరే రాబడీ కలిపి వాళ్లు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దది తిండి, 200 డాలర్లు. సిగరెట్లకి 112, మద్యానికీ డ్రగ్స్‌కీ కలిపి 80. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్ దగ్గర చేసిన సర్వేలో 94 శాతం మంది ఆ డబ్బు తిండికి వాడతామన్నారు, మద్యానికో డ్రగ్స్‌కో కూడా వాడతామన్నవాళ్లు 44 శాతం. రెండూ వాళ్ల నోటి లెక్కలే కాబట్టి కాస్త అటూ ఇటూగా తీసుకోండి. నేను రోజూ చూసేదానికి మాత్రం ఇవి దగ్గరగానే ఉన్నాయి.

డబ్బు ఆపితే అలవాటు కూడా ఆగుతుందని కొందరి నమ్మకం. ఏళ్ల తరబడి తాగుతున్న మనిషికి ఉన్నట్టుండి మద్యం అందకపోతే మూర్ఛలు రావచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అతనికి కావలసింది డిటాక్స్‌లో, అంటే వైద్యుల చూపులో మత్తు మాన్పించే చోట, మంచం, అదీ అతను సరేనన్న రోజునే.

అపోహ: మీటర్లు, బోర్డులు, పని వ్యాన్లు అన్నీ ఒకే రకం ప్రత్యామ్నాయాలు.

వాస్తవం: నా బాధంతా ఇక్కడే. పాత పార్కింగ్ మీటర్లను విరాళాల డబ్బాలుగా మార్చే పని డెన్వర్ 2007లో మొదలుపెట్టింది, తర్వాత చాలా ఊళ్లు అదే చేశాయి. చిల్లర అందులో వేస్తే సేవాసంస్థలకు చేరుతుంది. మంచిదే. కానీ ఆ సాయంత్రం ఆ మూల మీద నిలబడ్డ మనిషికి అందులోంచి ఏమీ అందదు. మీటరు ఇచ్చేవాళ్లకి ప్రత్యామ్నాయం, అడిగేవాళ్లకి కాదు.

2015లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ రెండో దారి పట్టింది. ఒక వ్యాన్ సిగ్నళ్ల దగ్గరికే వెళ్లి ‘ఈరోజు పని చేస్తారా?’ అని అడిగేది. గంటకి 9 డాలర్లు, మధ్యాహ్నం భోజనం, సిటీ స్థలాల్లో చెత్తా కలుపూ తీసే పని. పని అయ్యాక సేవలందించే కేంద్రం దగ్గర దించేవారు. 2017లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్ కూడా గంటకి 10.68 డాలర్లతో ఇలాంటిదే మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర నిలబడితే దొరికేది ఏమిటి? ఇవాళే, చేతికే, నాలుగు ఫారాలు నింపకుండా వచ్చే డబ్బు. ప్రత్యామ్నాయం దానికి పోటీ రావాలంటే అదీ ఇవాళే చేతికి రావాలి. పై వారం అపాయింట్‌మెంట్ రాసున్న కాగితంతో రాత్రి కడుపు నిండదు.

అపోహ: పని ఇస్తామన్నా వీళ్లు రారు.

వాస్తవం: వ్యాన్ ఆగితే చాలామంది ఎక్కుతారు, చోటే సరిపోదు. అసలు చిక్కు ఆ తర్వాతి మెట్టు, అంటే జీతం మీద మామూలు ఉద్యోగం. ఉద్యోగంలో చేరాలంటే ఐ-9 ఫారానికి, అంటే ఇక్కడ పని చేసే అర్హత ఉందని చూపే ఫారానికి, గుర్తింపు పత్రాలు చూపించాలి. రోడ్డు మీద పర్సు పోవడం మామూలే. ఐడీ కావాలంటే బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు, బర్త్ సర్టిఫికెట్‌కి వెళ్తే చాలాచోట్ల ఐడీ అడుగుతారు, అది పోస్టులో రావడానికి అడ్రస్ అడుగుతారు. ఈ ముడి విప్పడానికే మాకు వారాలు పడుతుంది.

వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో భయం, పని చేస్తే ఎస్ఎస్ఐ, అంటే ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతి, పోతుందేమోనని. నిజానికి వేరే ఆదాయమేమీ లేకపోతే నెలలో సంపాదించిన మొదటి 85 డాలర్లు లెక్కలోకి రావు, ఆపైన ప్రతి రెండు డాలర్లకీ ఒక డాలరు మాత్రమే కోస్తారు. కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ముఖంలో బెరుకు తగ్గడం చాలాసార్లు చూశాను. సంపాదన ఎప్పటికప్పుడు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి తెలియజేయాలి, అది మర్చిపోతే మాత్రం ఇబ్బందే.

అపోహ: షెల్టర్‌లో చోటుండగా రోడ్డు మీదెందుకు?

వాస్తవం: మా దగ్గరికొచ్చే ఒకావిడ సంగతి చెప్తాను. ఆవిడకి ఒక కుక్క, రెండు పెద్ద సంచులు, ఒక తోపుడు బండి. షెల్టర్‌లో కుక్కకి చోటు లేదు. సంచి ఒకటే తేవాలి. భర్తని మగవాళ్ల షెల్టర్‌కి పంపుతారు, అది ఊరికి అటువైపు. సాయంత్రం నాలుగింటికి లైన్లో ఉండాలి, అంటే జనం ఆఫీసుల నుంచి ఇళ్లకెళ్లే వేళకి, ఆవిడకి కాస్తో కూస్తో డబ్బులు పడే వేళకి, అక్కడ నిలబడి ఉండాలి. అంతా చేసినా మంచం దొరుకుతుందన్న హామీ లేదు. ‘మంచం ఇస్తామన్నా వద్దంది’ అని ఫైల్లో ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ రాత చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆవిడ వద్దన్నది మంచాన్ని కాదు, కుక్కనీ భర్తనీ వదిలెయ్యడాన్ని.

అపోహ: చట్టం చేసి ఆపేస్తే సరి.

వాస్తవం: నోరు తెరిచి సాయం అడగడం ఇక్కడ రాజ్యాంగం మొదటి సవరణ కాపాడే భావప్రకటన కిందికి వస్తుంది. ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరం తన డౌన్‌టౌన్‌లో అక్కడికక్కడే డబ్బు ఇవ్వమని నోటితో అడగడాన్ని నిషేధించింది. 2015లో ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. పోర్ట్‌ల్యాండ్ రోడ్డు మధ్య డివైడర్ల మీద నిలబడకూడదని పెట్టిన నిబంధన కూడా అదే ఏడాది కోర్టులో వీగిపోయింది. ఆ ఊరు పని ఇచ్చే దారిలోకి వచ్చింది ఆ తర్వాతే. జరిమానా విషయమైతే, కట్టలేని మనిషి మీద అది వారంటుగా మారుతుంది, ఆ వారంటే తర్వాత ఉద్యోగానికీ ఇంటికీ అడ్డం పడుతుంది.

ఇంతకీ ఇవ్వాలా వద్దా అంటారా? అది మీ ఇష్టం, ఇచ్చినవాళ్లని నేను తప్పుపట్టను. ఇవ్వకపోయినా అద్దం దించి ‘ఇవాళ లేదండీ’ అనొచ్చు. రోజంతా ఎవరూ తమ వైపు చూడకపోవడమే అన్నిటికంటే కష్టమని నాతో చాలామంది చెప్పారు. కారులో కొత్త సాక్సుల జతలు ఉంచుకోండి, పాదాలు తడిసి పుండ్లు పడటం మేం తరచూ చూసేదే. అడిగితే 211 నంబరు చెప్పండి, దేశంలో చాలాచోట్ల తిండికీ షెల్టర్‌కీ దారి చూపించే నంబరు అది. వాళ్ల ఫోన్లో ఛార్జింగ్ లేకపోతే మీ ఫోన్ నుంచే చేసిపెట్టండి.

మీ సిటీ ఏదైనా పథకం ప్రకటిస్తే కౌన్సిల్ సమావేశానికి వెళ్లి అడగండి. కూలి ఏ రోజుది ఆ రోజే ఇస్తారా? ఐడీ లేనివాళ్లని తీసుకుంటారా? వ్యాన్ వారానికి ఎన్ని రోజులు తిరుగుతుంది? పని అయ్యాక వాళ్లని తిరిగి ఎక్కడ దించుతారు?