లాడం లేని డెక్కకు ఏ దాణా?

మాళేగావ్ ఖండోబా జాతరలో గుర్రం కొనేవాళ్లు ముందు పళ్లు చూస్తారు, తర్వాత సుడులు లెక్కపెడతారు, ఆపైన నాలుగడుగులు నడిపించి చూస్తారు. కాలు ఎత్తి డెక్క అడుగుభాగం చూసేవాళ్లు తక్కువ. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో జరిగే ఈ జాతరకు పశువుల సంతగా పెద్ద పేరు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగువాళ్లకు కూడా గుర్రం కావాలంటే గుర్తొచ్చేది అదే. కొని తెచ్చిన కొన్ని నెలలకు డెక్క అంచులు పెళ్లలుగా రాలడం మొదలవుతుంది. అప్పుడు మందుల దుకాణానికి వెళ్లి "డెక్క పెరగడానికి పొడి ఏదైనా ఉందా?" అని అడుగుతారు. పొడులకు కొదవ లేదు. గుర్రానికి కొరవడింది ఆ పొడిలో ఉందా అన్నదే అసలు విషయం, దాన్ని అడిగేవాళ్లు లేరు.

డెక్క గోడ కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. పైన వెంట్రుకలు ఆగిపోయే చోట ఉండే మెత్తని పట్టీలో కణాలు పుట్టి, గట్టిపడి, కిందికి జరుగుతాయి. కంటికి కనిపించే గోడలో జీవం లేదు. అందుకే పైన పూసే నూనెలు నిగారింపు ఇస్తాయే తప్ప పోషణ ఇవ్వలేవు. ఈ గోడ నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. ముందు భాగంలో పైనుంచి నేల దాకా కొత్త గోడ రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మడమ వైపు గోడ పొట్టిది కనుక అక్కడ ఇంకా ముందే పూర్తవుతుంది. ఈ రోజు అంచున విరిగిపడుతున్న ముక్క నిరుటి మేతతో తయారైనది. దాణా మార్చిన నెలకే డెక్క బాగుపడిందని ఎవరైనా చెబితే, ఆ మేలు చెక్కినవాడి చేతిదో వాతావరణానిదో అయి ఉంటుంది.

కెరటిన్‌కు గట్టిదనం ఇచ్చేవి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు. వాటిలో సిస్టీన్ ముఖ్యం, దాన్ని శరీరం మెథియొనిన్ నుంచి తయారు చేసుకుంటుంది. పక్కపక్క పోగులను గంధకపు బంధాలు కలిపి కుడతాయి. డెక్క గోడ గట్టిపడే క్రమంలో జింక్, రాగి రెండూ కావాలి. బయోటిన్ అనే బి విటమిన్ కణాలను అతికించే కొవ్వు పదార్థాల తయారీకి అవసరం. బజారులో దొరికే ప్రతి డెక్క పొడీ ఈ నాలుగైదు పేర్ల చుట్టూనే తిరుగుతుంది.

వాటిలో పేరున్నది బయోటిన్. ఆ పేరు ఊరికే రాలేదు. వియన్నాలోని లిపిజానర్ గుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూసిన అధ్యయనం 1990లలో వెలువడింది. దాదాపు 9 నెలలకు డెక్క గోడ నాణ్యత మెరుగుపడింది. పెరిగే వేగం మాత్రం మారలేదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే "త్వరిత పెరుగుదల" అన్న మాటకూ ఈ ఫలితానికీ పొత్తు లేదు. అంతకుముందు బ్రిటన్‌లో పెళుసు డెక్కల ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అన్ని పెళుసు డెక్కలూ ఒక రకం కావు. కొన్ని బయోటిన్‌తో బాగుపడ్డాయి, మరికొన్నింటికి కాల్షియం, మంచి ప్రొటీన్ అందితే తప్ప గుణం కనిపించలేదు. మన గుర్రాలకు ఈ రెండో సంగతే ఎక్కువ వర్తిస్తుందని నా అభిప్రాయం. కారణం తవుడు.

ఈ సరిహద్దు ఊళ్లలో గుర్రం మేత అంటే జొన్న చొప్ప, శనగ లేదా కంది పొట్టు, నానబెట్టిన శనగలు, గోధుమ తవుడు, పైన ఓ బెల్లం ముక్క. తవుడంటే బలమని నమ్మకం. లెక్క వేసి చూడండి. కిలో గోధుమ తవుడులో భాస్వరం సుమారు 11 గ్రాములు ఉంటే కాల్షియం గ్రామున్నరకు మించదు. గుర్రానికి ఈ నిష్పత్తి తలకిందులుగా ఉండాలి. కాల్షియం ఎప్పుడూ భాస్వరం కంటే ఎక్కువగా, వీలైతే ఒకటిన్నర రెట్లు ఉండాలి. తవుడు ఎక్కువైతే శరీరం రక్తంలో కాల్షియం పడిపోకుండా ఎముకల నుంచి లాగుతుంది. అది ముదిరితే దవడ ఎముకలు ఉబ్బే జబ్బు వస్తుంది. పిండిమరల దగ్గరి గుర్రాలకు వచ్చేది కనుక యూరప్‌లో పూర్వం దాన్ని మరవాడి జబ్బు అనేవారు. తవుడులోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది. అది కాల్షియాన్నే కాక జింక్‌ను కూడా పట్టుకుని ఒంటికి అందనివ్వదు. ఒక చేత్తో జింక్ పొడి, ఇంకో చేత్తో రెండు కిలోల తవుడు పెట్టేవాళ్లు డబ్బు ఖర్చు పెట్టి దాన్ని పేడలో పోస్తున్నట్లే.

తవుడు పూర్తిగా మానక్కరలేదు. తగ్గించి, కిలో తవుడుకు సుమారు 30 గ్రాముల సున్నపురాయి పొడి కలిపితే 11 గ్రాములకు పైగా కాల్షియం చేరి లెక్క కనీసం సరిసమానం దాటుతుంది. దాణాకు పనికొచ్చే కాల్షియం కార్బొనేట్ మాత్రమే వాడాలి. కిళ్లీకొట్టు సున్నం నోటిని కాలుస్తుంది. ఇంకా మంచి దారి లూసర్న్ గడ్డి. మరాఠీలో లసూణ్ ఘాస్ అనే ఈ పచ్చిమేతలో కాల్షియం, ప్రొటీన్ రెండూ పుష్కలం. బావి కింద రెండు మళ్లు ఉన్న ఇంటికి ఇంతకంటే చవకైన డెక్క మందు లేదు. పాడి రైతులకు ఇష్టమైన నేపియర్ గడ్డి మాత్రం గుర్రానికి అదే పనిగా పెట్టకూడదు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని బంధించేస్తాయి.

జింక్ సంగతి ఈ నేలలో ప్రత్యేకంగా చెప్పాలి. మరాఠ్వాడా నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. అలాంటి నేలలో జింక్ ఉన్నా వేళ్లకు అందదు. సోయాబీన్ రైతులు ఎకరానికి ఇంతని జింక్ సల్ఫేట్ చల్లేది అందుకే. పైరుకు కొరవడింది చొప్పలోనూ కొరవడుతుంది. పని లేని 500 కిలోల గుర్రానికి రోజుకు జింక్ 400, రాగి 100 మిల్లీగ్రాములు కావాలని లెక్క. మన పొట్టి గుర్రం 300 కిలోలనుకుంటే జింక్ 240, రాగి 60. చొప్పలో కిలోకు 25 మిల్లీగ్రాముల జింక్ ఉందనుకుని 5 కిలోలు పెడితే 125 వస్తుంది, సగమే. మిగతాది బయటినుంచి ఇవ్వాలి. దానికి చేనులో చల్లే ఎరువు సంచిని మాత్రం విప్పకండి. అందులో కాడ్మియం లాంటి భారలోహాలు ఉండవచ్చు.

డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివేటప్పుడు ఒక మెలిక ఉంటుంది. "కాపర్ సల్ఫేట్ 200 మి.గ్రా." అని ఉంటే అందులో రాగి 200 కాదు. నీటి అణువులతో కూడిన మైలుతుత్తంలో రాగి నాలుగో వంతు, అంటే 50 మిల్లీగ్రాములే. జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ అయితే జింక్ మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. లోహం తూకం విడిగా రాయని డబ్బాను నేనైతే పక్కన పెట్టేస్తాను. బయోటిన్ పొడి తరచూ 2 శాతం బలంతో వస్తుంది. దాన్ని గ్రాము కొలిస్తే 20 మిల్లీగ్రాములు, 300 కిలోల గుర్రానికి అందులో సగానికి కాస్త ఎక్కువ చాలు. ఎక్కువైన బయోటిన్ ఒంట్లో పేరుకోదు, హాని కూడా ఏమీ బయటపడలేదు. ఇనుము కలిపిన పొడి అనవసరం, మేతలోనే గుర్రానికి చాలినంత ఇనుము ఉంటుంది. జెలటిన్ పెడితే డెక్క పెరుగుతుందన్నది పాత నమ్మకం. జెలటిన్‌లో గంధకపు అమైనో ఆమ్లాలు లేనట్లే లెక్క.

సెలీనియం అలా కాదు. 500 కిలోల గుర్రానికి రోజుకు ఒక్క మిల్లీగ్రాము చాలు. కొంచెం మించినా పోగుపడుతుంది. జూలు, తోక వెంట్రుకలు రాలి, వెంట్రుకల పట్టీ కింద డెక్క అడ్డంగా చీలుతుంది. పంజాబ్‌లోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల్లో నేలలోనే సెలీనియం ఎక్కువ, అక్కడి పశువుల గిట్టలు చెడిపోవడం తెలిసిన సంగతే. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో 21 పోలో గుర్రాలు చనిపోయాయి. కలిపి తయారు చేసిన సూదిమందులో సెలీనియం మోతాదు తప్పడమే కారణం. డెక్క చీలిందని రెండు మూడు కంపెనీల పొడులు కలిపి పెట్టేవాళ్లు ముందు వాటన్నింటిలోని సెలీనియాన్ని కూడుకోవాలి.

దీనికంటే దగ్గరి ప్రమాదం పక్కింటి కోళ్ల ఫారం. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. గుర్రం గుండె వాటికి తట్టుకోలేదు. శరీర బరువు కిలోకు రెండు మూడు మిల్లీగ్రాముల మోనెన్సిన్ గుర్రాన్ని చంపగలదు, ఆవు దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. ప్రొటీన్ ఉంది కదా అని ఆ సంచిలోంచి దోసెడు వేయడం డెక్క కోసం గుర్రాన్నే పోగొట్టుకోవడం.

ప్రొటీన్‌కు మన వంటింటి పద్ధతే మేలు. ఉలవలను నానబెట్టి ఉడకబెట్టి పెట్టడం కేవలం ఆచారం కాదు. పచ్చి ఉలవల్లో ప్రొటీన్ జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఉడికితే అవి విరిగిపోతాయి. సోయాబీన్‌కూ అదే మాట, పచ్చి గింజ పెట్టకూడదు, వేడి తగిలిన సోయా చెక్క పెట్టవచ్చు. గుర్రానికి ముందుగా కొరవడే అమైనో ఆమ్లం లైసిన్, అది సోయాలో బాగా ఉంటుంది. పప్పుజాతి గింజల్లో మెథియొనిన్ తక్కువ కనుక పొడి కొనాల్సి వస్తే ఆ పేరున్నదాన్ని ఎంచుకోవడం అర్థవంతం.

బెల్లం, గింజలు అతిగా పెడితే లామినైటిస్ వస్తుంది. డెక్క గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి వదులవుతాయి. డెక్క మీద గాడుల్లాంటి గీతలు ముందు దగ్గరగా, మడమ వైపు వెడల్పుగా విడిపోతూ కనిపిస్తే అది ఆ జబ్బు ఆనవాలు. అక్కడ బయోటిన్ చేసేదేమీ లేదు. దాణా తగ్గించి, పశువైద్యుణ్ణి పిలవాలి.

లాడం లేని డెక్కకు నడక కూడా మేతే. అడుగు పడిన ప్రతిసారీ డెక్కలో రక్తం కదులుతుంది. ధన్‌గర్ల గొర్రెల మందల వెంట గుడారాలు, పిల్లలు, కోళ్ల బుట్టలు మోసుకుంటూ నడిచే పొట్టి గుర్రాలను చూస్తే తెలుస్తుంది, వాటి డెక్కలు నడకకే గుండ్రంగా అరిగి బిగువుగా ఉంటాయి. అదే జాతి గుర్రం పెళ్లి ఊరేగింపుల కోసం ఏడాదిలో ఎక్కువ రోజులు గుంజకు కట్టి ఉంటే పెరిగిన అంచు విచ్చుకుని చీలుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి లాడాలు వేసే నాల్‌బంద్ చేత ఆకురాయి పెట్టించాలి. తారు రోడ్డు మీద రోజంతా బండి లాగే గుర్రానికి పెరుగుదల కంటే అరుగుదల ఎక్కువైతే ఏ పొడీ ఆ లోటు పూడ్చలేదు, దానికి లాడం వేయించడమే న్యాయం.

పొడి మొదలుపెట్టిన రోజున వెంట్రుకల పట్టీకి ఒక సెంటీమీటరు కింద ఆకురాయితో సన్నని గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫొటో తీసుకోండి. నెలనెలా అదే కోణంలో ఇంకొకటి తీయండి. గీతకు పైన దిగుతున్న కొత్త గోడ నునుపుగా, గీతలు లేకుండా ఉంటే పొడి కొనసాగించవచ్చు. ఆరు నెలలకు కూడా పైనా కిందా ఒకేలా ఉంటే డబ్బా ఆపేసి, చొప్పను, తవుడును పశుగ్రాస పరీక్షకు పంపండి. ఫొటోలు తీసేటప్పుడు వానాకాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. జూలై నుంచి నల్లరేగడి బురదలో నానిన డెక్క మెత్తబడి, వాన తెరిపిచ్చాక ఎండకు బిగుసుకుని పగుళ్లు చూపిస్తుంది. ఆ పగుళ్లు మేత వల్ల వచ్చినవి కావు. కట్టేసే చోట కంకర పోసి ఆరబెడితే వాటిలో చాలావరకు తగ్గుతాయి.