క్షీరదాన్ని పట్టించే ఎముక

పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువులు క్షీరదాలని బడిలో అందరం చదువుకున్నదే. ఆ నిర్వచనంలో తప్పేమీ లేదు గాని, ఒక జంతువును ఎదుట పెట్టి ఇది క్షీరదమా కాదా అని అడిగితే చాలామంది పాల సంగతి వదిలేసి, అది పిల్లల్ని కంటుందా, గుడ్లు పెడుతుందా అన్న ప్రశ్నకు పోతారు. లెక్క తప్పేది అక్కడే. మన పొలం గట్ల మీద తిరిగే రక్తపింజరి గుడ్లు పెట్టదు. గుడ్లు తల్లి కడుపులోనే ఎదిగి, ఒక్కో ఈతలో పదుల సంఖ్యలో పిల్లలు బయటికి వస్తాయి. మరోవైపు ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ గుడ్లు పెడుతుంది, వాటి నుంచి వచ్చిన పిల్లలకు పాలూ ఇస్తుంది. దానికి చనుమొనలు లేవు గనుక, పొట్ట మీది చర్మంలోంచి ఊరి బొచ్చును తడిపే పాలను పిల్లలు తాగుతాయి. 1799లో ఈ జంతువును శాస్త్రలోకానికి తొలిసారి వర్ణించిన జార్జ్ షా, దాని బాతుముక్కును ఎవరైనా అతికించారేమోనని అనుమానపడ్డాడు. అది గుడ్లు పెట్టే జీవేనని 1884లో విలియం కాల్డ్‌వెల్ తేల్చేదాకా పండితుల వాదన సాగుతూనే ఉంది.

వెచ్చని రక్తం, నాలుగు గదుల గుండె పక్షులకూ ఉన్నాయి కాబట్టి అవి మనకు పనికొచ్చే గుర్తులు కావు. పావురం తన పిల్లల నోట్లో పెట్టే ‘పాలు’ కూడా క్షీరగ్రంథుల నుంచి వచ్చేవి కావు. అవి గొంతు కింది సంచి లోపలి పొర నుంచి రాలిన కణాలు, పైగా వాటిని ఆడ, మగ రెండూ ఇస్తాయి.

వెంట్రుక అంతకంటే నమ్మదగిన ఆనవాలు, అయితే దాన్ని వెతికి పట్టుకోవాలి. నల్లమల అడవుల్లో ఉండే అలుగును చూడండి: ఒళ్లంతా పొలుసులు, నోట్లో ఒక్క పన్నూ లేదు, భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది. దాన్ని సరీసృపమనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కాని దాని పొట్ట మీద పొలుసులు ఉండవు, అక్కడ ఉండేది పలుచని నూగు. పొలుసుల సందుల్లో కూడా బిరుసు వెంట్రుకలు కనిపిస్తాయి. ఆ పొలుసులు సైతం మన గోళ్లు, జుట్టు తయారైన కెరాటిన్‌తోనే తయారయ్యాయి. తల్లి తోక మొదట్లో కూర్చుని ప్రయాణించే పిల్ల తాగేది పాలే. డాల్ఫిన్ పిల్లకైతే పుట్టినప్పుడు మూతి మీద కొద్దిపాటి వెంట్రుకలుంటే ఎక్కువ, అవి కూడా త్వరలోనే రాలిపోతాయి. దాన్ని గుర్తించడానికి తోక చాలు: చేప తోకను పక్కలకు ఆడిస్తుంది, డాల్ఫిన్ పైకీ కిందికీ ఆడిస్తుంది, ఎందుకంటే నేల మీద పరుగెత్తిన దాని పూర్వీకుల వెన్ను అలాగే వంగేది. తిమింగలాలను చేపల జాబితాలోంచి తీసి క్షీరదాల్లో చేర్చిన కార్ల్ లిన్నేయస్, 1758 నాటి అదే గ్రంథంలో గబ్బిలాలను కోతులతో, మనుషులతో కలిపి ఒకే క్రమంలో పెట్టాడు. ఎంతటివాడికైనా పైరూపం చూసి వర్గీకరించడం కష్టమే.

పాలూ వెంట్రుకలూ శిలాజాల్లో మిగలడం చాలా అరుదు. అందుకే కోట్ల ఏళ్ల నాటి ఎముకలను పరిశీలించేవారు ముందుగా కింది దవడను చూస్తారు. ఉడుము కింది దవడలో ఒక్కో పక్క అనేక ఎముకలు అతుక్కుని ఉంటాయి. కుక్క దవడలో ఒక్కో పక్కన ఉండేది ఒకే ఎముక. ఉడుము మధ్య చెవిలో ధ్వనిని లోపలికి చేరవేసే ఎముక ఒక్కటే. కుక్క చెవిలో కూటకం, దాగలి, అంకవన్నె అని మూడు ఉంటాయి. ఈ రెండు తేడాల వెనుక ఉన్న కథ ఒకటే. సరీసృపాల్లో దవడ కీలుగా పనిచేసే రెండు ఎముకలు క్షీరదాల వంశంలో క్రమంగా చిన్నవై, దవడను విడిచి చెవిలోకి చేరి కూటకం, దాగలి అయ్యాయి. పిండాలను పరిశీలించి ఈ బంధుత్వాన్ని 1837లోనే గుర్తించినవాడు జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ రైకెర్ట్. అప్పటికి డార్విన్ పరిణామ గ్రంథం వెలువడనే లేదు. ఆ తర్వాత దొరికిన మోర్గనుకోడాన్ అనే ఎలుకంత జీవి శిలాజాల్లో సరీసృపాల తీరు పాత కీలు, క్షీరదాల తీరు కొత్త కీలు రెండూ పక్కపక్కనే పనిచేస్తూ కనిపించాయి; దాని కాలం సుమారు 20 కోట్ల సంవత్సరాల క్రితం. మన చెవిలో ఇప్పుడున్న అంకవన్నె పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో సగం. ఇంత చిన్న ఎముకల గొలుసు వల్లనే సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు క్షీరదాలకు వినబడతాయి. చాలా పక్షులకు 10 వేల హెర్ట్జ్ దాటితే సరిగ్గా వినపడదు, కొన్ని గబ్బిలాలు లక్ష హెర్ట్జ్ దాటినా వింటాయి.

దవడ కూడా దొరకనప్పుడు పళ్లే దిక్కు. మొసలి పళ్లు దాదాపు ఒకే తీరున ఉండి, జీవితమంతా ఊడుతూ మొలుస్తూ ఉంటాయి. క్షీరదాల్లో కొరికే పన్ను, చీల్చే పన్ను, నమిలే పన్ను వేర్వేరు ఆకారాల్లో ఉంటాయి. దవడ పళ్ల మీది గుబ్బలు పైవీ కిందివీ ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఏర్పడి ఉంటాయి. అందుకే ఒంటరిగా దొరికిన పన్ను కూడా సాక్ష్యమవుతుంది. ప్రాణహిత-గోదావరి లోయలోని జురాసిక్ కాలపు కోటా శిలల్లో దొరికిన పన్ను ఆధారంగానే 1981లో పి.ఎం. దత్తా కోటాథీరియం హాల్డేనై అనే క్షీరదాన్ని వర్ణించాడు. అదే శిలల్లో బయటపడ్డ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఎవరైనా చూడవచ్చు. ఆ క్షీరదాల పళ్ల మీది గుబ్బలు చూడాలంటే మాత్రం సూక్ష్మదర్శిని కావలసిందే.